హంప్టా కనుమకు గుర్రాలతో: బయలుదేరే ముందు వేసుకోవలసిన లెక్కలు

కేదార్‌నాథ్ వెళ్ళి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి గుర్రం అంటే గౌరీకుండ్ దగ్గర చీటీ కొనుక్కుని ఎక్కి కూర్చునే వాహనం. చీటీ ఇచ్చాం, ఎక్కాం, పైన దిగాం. ఆ గుర్రం రాత్రి ఎక్కడ పడుకుంది, ఏం తిన్నది, మర్నాడు మళ్ళీ ఎన్నిసార్లు కొండ ఎక్కింది అన్న సంగతి మన దాకా రాదు. గుడారాలు వేసుకుంటూ నాలుగైదు రోజులు కొండల్లో సాగే ప్రయాణం అలా ఉండదు. అక్కడ గుర్రం మనతోపాటే ఉంటుంది. మన బియ్యం, మన పరుపు, మన దుప్పటి దాని వీపు మీదే వస్తాయి. అది ఆగితే మనమూ ఆగాలి.

మా షోలాపూర్ సంఘం నుంచి పన్నెండు మందిమి హిమాచల్ ప్రదేశ్‌లోని హంప్టా కనుమకు వెళ్ళి వచ్చాక హుబ్బళ్ళి నుంచి, హొసూరు నుంచి, బరంపురం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి, ఎంత అవుతుంది? రెండు, ఎలాగూ గుర్రాలు ఉంటాయి కదా, మా నాన్నగారిని కూడా తీసుకుపోవచ్చా? రెండో ప్రశ్న తేలకుండా మొదటిదానికి జవాబు చెప్పడం కుదరదు. నా అభిప్రాయం ఇది: ఈ ప్రయాణానికి లెక్క గుర్రం దగ్గర మొదలుపెట్టాలి. అది ఎంత మోస్తుంది, ఎక్కడ మేస్తుంది, ఎక్కడ దాటలేదు అన్నది ముందు తెలుసుకుంటే ఏ నెలలో వెళ్ళాలి, ఎన్ని రోజులు ఉండాలి, ఎవరు రావచ్చు, ఎంత సామాను తేవాలి అన్నవి వాటంతట అవే తేలతాయి. మనవాళ్ళు సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తారు. రైలు టికెట్లు ముందు కొని, మనుషుల్ని తర్వాత పోగేసి, చివర్లో "గుర్రాలు ఎన్ని కావాలి?" అని అడుగుతారు.

దారి ఎలా ఉంటుందంటే

మనాలీ సముద్ర మట్టానికి 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ప్రీణీ గ్రామం మీదుగా (వాజ్‌పేయి గారి ఇల్లు ఉన్న ఊరు ఇదే) మలుపులు తిరిగే రోడ్డు మీద జీపులో జోబ్రా దాకా పోవచ్చు. నడక అక్కడ మొదలు. మొదటి మజిలీ చికా, సుమారు 3,100 మీటర్లు. రెండు గంటల నడక, తేలిక. రెండోది బాలూ కా ఘేరా, సుమారు 3,600 మీటర్లు. నాలుగైదు గంటలు పడుతుంది. ఆ తర్వాతిదే అసలు పరీక్ష. ఒకే రోజున 4,270 మీటర్ల కనుమ ఎక్కి, అటుపక్క నిటారుగా దిగి, 3,900 మీటర్ల దగ్గర షియాగోరూలో పడుకోవాలి. ఎనిమిది తొమ్మిది గంటల పని. చివరి రోజు చంద్రా నది ఒడ్డున ఛత్రూకు దిగితే రోడ్డు దొరుకుతుంది. మొత్తం నడక పాతిక, ముప్పై కిలోమీటర్లకు మించదు. కిలోమీటర్లు చూసి "ఇంతేనా" అనుకోవద్దు.

ఈ కనుమకు ఒక విశేషం ఉంది. ఇటుపక్క కులూ లోయ: పచ్చిక, భూర్జ వృక్షాలు, ఎటు చూసినా నీళ్ళు. అటుపక్క లాహౌల్: రాళ్ళు, ఇసుక, చెట్టన్నది లేదు. గద్దీ కాపరులు గొర్రెల మందలను వేసవి మేతకు తోలుకుపోయేది ఇలాంటి కనుమల మీదుగానే. మనకు ఇది కెమెరాకు పని చెప్పే దృశ్యం. గుర్రం వైపు నుంచి చూస్తే, మూడు రోజులు కడుపునిండా మేత దొరికి, అన్నిటికన్నా ఎక్కువ కష్టపడిన రోజు రాత్రే మేత పలచబడుతుందన్న మాట. అందుకే దాణా గోతాలు కింది నుంచే మోసుకుపోవాలి. ఆ దాణాకూ బరువుంటుంది.

ఏ నెల?

జూన్ మొదట్లో కనుమ మీద ఇంకా మంచు పేరుకుని ఉంటుంది. బరువుతో ఉన్న గుర్రం మెత్తటి మంచులో కూరుకుపోతుంది, గట్టి మంచు మీద జారుతుంది. ఆ రోజుల్లో గుర్రాలు బాలూ కా ఘేరా దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడి నుంచి కూలీలు మోయాలి. "జూన్‌లో వెళ్తే మంచు చూడొచ్చు" అని పిల్లలు ఉత్సాహపడతారు, తప్పులేదు. అయితే ఆ యాత్ర గుర్రాల యాత్ర కాదు, ఖర్చు లెక్కా వేరు. జులై, ఆగస్టుల్లో మంచు కరిగి దారి తెరుచుకుంటుంది కానీ వానలు మొదలవుతాయి. 2023 జులైలో బియాస్ నది పొంగి మనాలీ రోడ్లు ఎలా కొట్టుకుపోయాయో టీవీల్లో అందరం చూశాం. అదే నెలలో అకాలంగా మంచు కురిసి, చంద్రతాల్ సరస్సు దగ్గరి శిబిరాల్లో సుమారు మూడు వందల మంది రోజుల తరబడి చిక్కుకుపోయారు.

పెద్దవాళ్ళు ఉన్న గుంపుకు సెప్టెంబరు మంచిదని నా అభిప్రాయం. వానలు వెనకబడతాయి, వాగుల్లో నీరు తగ్గుతుంది, దారి పొడిగా ఉంటుంది. చలి మాత్రం ఎక్కువ. షియాగోరూలో రాత్రి సున్నా డిగ్రీలకు దిగిపోవచ్చు. గడ్డి కూడా ఎండు ముఖం పడుతుంది కాబట్టి దాణా కొంచెం ఎక్కువ పెట్టుకోవాలి. వినాయక చవితి అయిపోయాక, దసరా రాకముందు అని గుర్తు పెట్టుకుంటే చాలు, మనవాళ్ళకు సెలవుల లెక్క కూడా కలిసివస్తుంది.

బరువు లెక్క

ఉద్యోగమంతా గుమాస్తాగా చేసినవాణ్ణి, కాగితం మీద అంకెలు వేయందే నాకు నమ్మకం కుదరదు. ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవమని మనవి.

మన దేశంలో బరువు మోసే పశువుల విషయంలో 1965 నాటి నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం పోనీ, అంటే పొట్టి గుర్రం, మీద 70 కిలోలకు మించి వేయకూడదు. గాడిదకు 50, కంచర గాడిదకు 200 కిలోలు. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, ఏకధాటిగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. కంచర గాడిదకు రాసిన 200 చూసి మురిసిపోనక్కరలేదు. నాలుగు వేల మీటర్ల ఎత్తులో, గాలి పలచబడిన చోట, బండరాళ్ళ మధ్య ఆ అంకె పనికిరాదు. అక్కడివాళ్ళు మన సామాను కోసం తెచ్చేవి కొన్ని గుర్రాలు, కొన్ని కంచర గాడిదలు, అంటే వాళ్ళ మాటలో ఖచ్చర్లు. రెంటికీ కలిపి యాభై కిలోల చుట్టుపక్కల లెక్క వేసుకోవడం మేలు.

ఇప్పుడు మా పన్నెండు మంది లెక్క చూడండి. మాతో గైడ్ ఒకరు, వంటమనిషి ఒకరు, సహాయకుడు ఒకరు, గుర్రాలవాళ్ళు ముగ్గురు. తినే నోళ్ళు పద్దెనిమిది. మా సంచులు తలా ఎనిమిది కిలోల చొప్పున 96 కిలోలు. వాళ్ళవి తలా ఐదు చొప్పున 30. మేం పడుకునే గుడారాలు ఆరు, 24 కిలోలు. వంట గుడారం, భోజనాల గుడారం, మరుగుదొడ్డి గుడారం, అన్నీ కలిపి 30. నిద్ర సంచులు, చాపలు పద్దెనిమిది మందికి 45. గిన్నెలు, పొయ్యి, గ్యాస్ మరో 45. తాళ్ళు, మందుల పెట్టె, ఆక్సిజన్ సిలిండర్ 12. ఇంతవరకు 282. తిండి సామాను మనిషికి రోజుకు 800 గ్రాముల చొప్పున ఐదు రోజులకు, వాతావరణం చెడితే ఆగిపోవడానికి ఇంకో రోజుకు, 86 కిలోలు. తొమ్మిది గుర్రాలకు రోజుకు కిలోన్నర దాణా చొప్పున అవే ఆరు రోజులకు 81. మొత్తం 449.

ఎనిమిది గుర్రాలకు పంచితే ఒక్కోదానికి 56 కిలోలు వచ్చింది. మొదటి రోజు దారి చిన్నది, సులువు, పరవాలేదు. మూడు రోజుల తిండీ దాణా ఖర్చయ్యాక కనుమ ఎక్కే రోజుకు ఆ బరువు 46కు దిగింది. తొమ్మిదో గుర్రం ఎందుకంటే దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడే ఇంకో సంగతి. ఒక్కొక్కరు ఎనిమిది కిలోలకు బదులు పన్నెండు తెస్తే ఏమవుతుంది? పన్నెండు నాలుగులు 48. అంటే ఇంకో గుర్రం కావాలి, లేదా ఉన్న ఒక్కో గుర్రం మీద ఇంకో ఆరు కిలోలు పడాలి. మా ఊరివాళ్ళకు షోలాపూర్ చద్దరు లేకపోతే నిద్ర పట్టదు. మగ్గం మీద పుట్టిన బంధం, అర్థం చేసుకోగలను. అయినా అది నూలు. బరువు ఎక్కువ, తడిస్తే ఇంకా ఎక్కువ, ఆ చలిలో ఆరదు. ఇంట్లో వదిలిపెట్టండి. ఆవకాయ తీసుకురండి, గాజు సీసాలో వద్దు. బయలుదేరే ముందు రోజు సంఘం హాల్లో తక్కెడ పెట్టి అందరి సంచులూ తూచాం. కొందరికి కోపం వచ్చింది. రెండు సంచులు మళ్ళీ ఇంటికి వెళ్ళి తేలికై వచ్చాయి.

సంచి మెత్తటిదై ఉండాలి. చక్రాల పెట్టె గుర్రానికి కట్టడం కుదరదు, దాని మూల వీపులో గుచ్చుకుంటుంది. రెండు పక్కలా సమానంగా తూగకపోతే జీను ఒక వైపుకు ఒరిగి, ఒరుసుకుని పుండు పడుతుంది. అందుకే గుర్రంవాడు పొద్దున్నే ఒక్కో సంచినీ చేత్తో ఎత్తి చూసి జత కడతాడు. అప్పుడు "నా సంచిలో ఒక వస్తువు మరిచిపోయాను, కాస్త విప్పు" అనకూడదు. గుర్రాలు మన తర్వాత బయలుదేరి మనల్ని దాటిపోతాయి; సంచి మళ్ళీ కనిపించేది సాయంత్రమే. నీళ్ళు, వానకోటు, ఉన్ని టోపీ, మధ్యాహ్నం తిండి, బీపీ, సుగర్ మాత్రలు మన వీపు మీది చిన్న సంచిలో ఉండాల్సిందే.

మేత, దాణా

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు మన పెద్దలు. జట్కాల కాలం చూసిన వాళ్ళకు ఉలవ గుగ్గిళ్ళ వాసన ఇంకా గుర్తుంటుంది. మా గుంపులో ఒకాయన ప్రేమతో రెండు కిలోల ఉలవలు మూట కట్టుకొచ్చాడు. గుర్రంవాడు నవ్వి, దండం పెట్టి, పెట్టవద్దన్నాడు. అతను చెప్పింది సరైన మాట. ఆ గుర్రాలకు శనగలు, బార్లీ, తవుడు అలవాటు. తిండి ఉన్నట్టుండి మారితే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని శరీర నిర్మాణమే అలాంటిది. లోపల పట్టేసిన తిండి బయటికి వచ్చే దారి ఉండదు, ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిపోయిన పులిహోర, చపాతీలు, బిస్కట్లు జాలితో పెట్టేవాళ్ళకు ఈ మాట గట్టిగా చెప్పాలి. పిల్లలకు మరీ గట్టిగా.

దాణా తోడు మాత్రమే, అసలు తిండి గడ్డి. విడిచిపెడితే గుర్రం రోజులో చాలా భాగం మేస్తూనే ఉంటుంది. పగలంతా మన బరువు మోస్తే ఎప్పుడు మేయాలి? సాయంత్రమూ రాత్రీ. అందుకే గుర్రాలవాళ్ళు బరువు దించగానే వాటిని పచ్చికలోకి వదిలేస్తారు. కొన్నిటికి మెడలో గంట ఉంటుంది, కొన్నిటికి ముందుకాళ్ళకు బంధం వేస్తారు. తెల్లవారాక వెతికి తోలుకొస్తారు. ఒక్కోసారి ఒక గుర్రం కొండ మలుపు దాటి పోయి ఉంటుంది, వెతకడానికి గంట పడుతుంది. "ఏడింటికి అన్నారు, ఎనిమిదైంది" అని గడియారం చూపించేవాళ్ళు మన గుంపులో ఒకరైనా ఉంటారు. రాత్రంతా కట్టేస్తే పొద్దున సమయానికే దొరుకుతాయి, ఆకలి కడుపుతో.

ఇందుకే బాలూ కా ఘేరాలో రెండు రాత్రులు ఉండాలని నేను పట్టుబట్టాను. మామూలుగా ఒక రాత్రే ఉంటారు. ఆ ఒక్క రోజు ఆగితే గుర్రాలకు పగలంతా మేత దొరుకుతుంది, మనకు ఎత్తు అలవాటవుతుంది. ఒకే ఖర్చుతో రెండు పనులు.

ఎత్తు

షోలాపూర్ అర కిలోమీటరు ఎత్తు కూడా లేదు. మద్రాసు, యానాం వాళ్ళయితే సముద్రం పక్కనే. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకన్నా ఎక్కువ పెరగకుండా చూసుకోవాలని వైద్యులు చెబుతారు. మనాలీ నుంచి నేరుగా చికా వెళ్తే ఒకే రోజులో వెయ్యి మీటర్లు పెరుగుతుంది. అందుకని మధ్యలో సేథన్ గ్రామంలో, సుమారు 2,700 మీటర్ల దగ్గర, ఒక రాత్రి పడుకోవడం మంచిది. రోడ్డు అక్కడిదాకా ఉంది.

తలనొప్పి, ఆకలి లేకపోవడం, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లవారే దాకా చూడకుండా దించాలి. డయామాక్స్ మాత్ర గురించి చాలామంది అడుగుతారు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఉంటారు కాబట్టి మీ డాక్టరును అడిగాకే. కొందరు తలనొప్పి ఉన్నా పైకి చెప్పరు, గుంపుకు తమవల్ల ఆలస్యం అవుతుందని మొహమాటం. అలాంటి మొహమాటం ఆ ఎత్తులో చాలా ప్రమాదం. రోజూ సాయంత్రం టీ దగ్గర ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగే పని గుంపులో ఒకరికి అప్పగించండి.

తొమ్మిదో గుర్రం

ఇప్పుడు "నాన్నగారిని తీసుకురావచ్చా" అన్న ప్రశ్న. నడవలేని మనిషిని గుర్రం మీద కూర్చోబెట్టి ఈ కనుమ దాటించడం కుదరదు. కనుమ కింద బండరాళ్ళ గుట్టలు ఉన్నాయి, అటుపక్క దిగుడు నిటారుగా ఉంటుంది. అక్కడ ఎంత గట్టి మనిషైనా దిగి నడవాల్సిందే. ఎవరైనా "ఎక్కండి, ఏం కాదు" అన్నా ఎక్కవద్దు. పైగా మనిషి బరువుకూ లెక్క ఉంది. గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదని ఒక పాటింపు. మూడు వందల కిలోలు తూగే కొండ గుర్రమైతే జీనుతో కలిపి అరవై. మనలో అరవై లోపు ఉన్నవాళ్ళు ఎంతమంది? నేనైతే కాదు. రోజుకు నాలుగైదు గంటలు మెట్టలెక్కి దిగగలిగిన పెద్దవాళ్ళు తప్పకుండా రావచ్చు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు చికా దాకా వచ్చి, ఆ పచ్చికలో రెండు రోజులు ఉండి, వెనక్కి వెళ్ళేలా ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. అది కూడా చిన్న యాత్రేమీ కాదు.

అయితే ఎక్కే జీను వేసిన ఒక గుర్రం ఖాళీగా, బరువు లేకుండా, గుంపుతో రావాలి. డబ్బు దండగ అని మా కమిటీలో కొంత వాదన జరిగింది. బాలూ కా ఘేరాలో రెండో రాత్రి మా గుంపులో అరవై ఏడేళ్ళ పెద్దాయనకు తలనొప్పి తగ్గలేదు, రెండుసార్లు వాంతి అయింది. తెల్లవారగానే గైడ్ ఆయన్ను ఆ గుర్రం ఎక్కించాడు. ఒక గుర్రంవాడూ, పెద్దాయన మేనల్లుడూ వెంట దిగారు. మధ్యాహ్నానికి జోబ్రా, అక్కడి నుంచి జీపులో మనాలీ. కిందికి దిగుతుంటేనే తల తేలికపడిందట, ఆ సాయంత్రం పెరుగన్నం తిన్నాడు. మిగిలినవాళ్ళం ఎనిమిది గుర్రాలతో ముందుకు సాగాం. ఆ ఖాళీ గుర్రం లేకపోతే ఒక గుర్రం బరువు దించి మిగతావాటి మీద వేయాలి, లేదా పదిమందీ వెనక్కి తిరగాలి. జోబ్రా దాటాక ఫోన్ మీద ఆశ పెట్టుకోలేం, కాబట్టి ఎవరినో పిలుద్దామన్నా కుదరదు.

గుర్రం పక్కన ఎలా నడవాలి

ఇరుకు దారిలో గుర్రాలు ఎదురైనా, వెనక నుంచి వచ్చినా కొండ వైపుకు జరిగి నిలబడాలి. లోయ వైపు ఎప్పుడూ నిలబడకూడదు. గుర్రం మనల్ని తోయాలనుకోదు. దాని రెండు పక్కలా ఉన్న సంచుల వెడల్పు దానికి తెలియదు, అంతే. వెనక నుంచి దగ్గరికి పోవద్దు, పక్క నుంచి, భుజం దగ్గరికి, ఏదో ఒక మాట అంటూ పోవాలి. దాని ముందు గొడుగు టప్పున తెరవకూడదు. గాలికి ఎగిరే చున్నీలు, ప్లాస్టిక్ వానకోట్లు చూసి కూడా బెదురుతాయి.

ఎక్కినవాళ్ళు రికాబులో పాదం ముందుభాగం మాత్రమే పెట్టాలి, లోపలికి దూర్చితే పడ్డప్పుడు కాలు చిక్కుకుంటుంది. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కు వాలాలి. ఇంట్లో పిల్లల సైకిల్ హెల్మెట్ సరిపోయేది ఉంటే తెచ్చుకోండి. చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీయండి.

దారిలో చల్లటి వాగులు దాటాలి. అవి మంచు కరిగిన నీళ్ళు, మధ్యాహ్నానికి ఉధృతి పెరుగుతుంది. పొద్దున్నే దాటడం అన్నివిధాలా మంచిది. షియాగోరూ నుంచి బయలుదేరిన వెంటనే అలాంటి వాగు ఒకటి ఉంది, ఎముకలు కొరికే చలి. గుర్రం తోక పట్టుకుని దాటుదామని మాత్రం చూడకండి. గైడ్ చేయి పట్టుకోండి.

మొదటి రోజు జోబ్రాలో గుర్రాలను ఒకసారి చూసుకోవడం మన హక్కు. వీపు మీద, మూపు మీద అరచేత్తో మెల్లగా నొక్కితే పుండు ఉన్న గుర్రం చర్మం అదిరిస్తుంది. కుంటుతోందా, లాడాలు గట్టిగా ఉన్నాయా, ముక్కు కారుతోందా చూడాలి. 2025లో కేదార్‌నాథ్ దారిలో గుర్రాలు జబ్బుపడి చనిపోతే కొన్ని రోజులు వాటి రాకపోకలే ఆపేశారు. ఒకదాని జలుబు మందంతటికీ అంటుకుంటుంది. బాగాలేని గుర్రాన్ని మార్చమని మర్యాదగా అడిగితే మారుస్తారు. నలుగురి ముందు గుర్రంవాణ్ణి దులిపేయనక్కరలేదు, ఆ గుర్రం అతని ఇంటి ఆస్తి.

హిందీ రాదని మన తమిళనాడు వాళ్ళు జంకుతారు. గుర్రాల దగ్గర అంత ఇబ్బంది లేదు. వాళ్ళ జీన్ మన జీను, వాళ్ళ లగామ్ మన లగాము, వాళ్ళ దానా మన దాణా. పారసీ నుంచి వచ్చి రెండు చోట్లా ఇల్లు కట్టుకున్న మాటలు.

ఒప్పందం

మనాలీలో యాత్రలు నడిపేవాళ్ళు చాలామంది. పర్యాటక శాఖలో నమోదు ఉందా, గైడ్‌కు పర్వతారోహణ శిక్షణ ఉందా (మనాలీలోనే ప్రభుత్వ పర్వతారోహణ సంస్థ ఉంది), అటవీ శాఖ అనుమతి ఎవరు తీసుకుంటారు అన్నవి అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. గుర్రాల సంగతి కూడా ఆ కాగితంలోనే ఉండాలి: ఎన్ని గుర్రాలు, ఒక్కోదానికి రోజుకు ఎంత, దాణా ఎవరిది, కనుమ మూసుకుపోతే ఏం చేస్తారు, గుర్రానికి దెబ్బ తగిలితే ఎవరు భరిస్తారు. చివరి రెండూ రాయకుండా వదిలేస్తే, జరిగిన రోజున కొండ మీద గొడవపడాలి.

బేరమాడేవాళ్ళు మరిచిపోయేది ఒకటుంది. ఛత్రూలో మన యాత్ర ముగుస్తుంది, మనం బండి ఎక్కి అటల్ సొరంగం మీదుగా ఆ సాయంత్రానికే మనాలీ చేరుకుంటాం. గుర్రాలకు బండి లేదు. అవి మళ్ళీ అదే కనుమ ఎక్కి దిగి ఇల్లు చేరాలి, ఇంకో రెండు రోజులు. ఆ రోజుల కూలీ, ఆ రోజుల దాణా కూడా మన లెక్కలోనే ఉండాలి. "మేం వాడుకున్నది ఐదు రోజులే కదా" అనే వాదన నేను స్వయంగా విన్నాను. ఆ ఐదు రోజుల ధర తక్కువ చేసి చెప్పే ఏజెంటు ఎక్కడ మిగుల్చుకుంటాడో ఆలోచించండి: గుర్రంవాడి దగ్గర, లేదా తొమ్మిది గుర్రాల సామాను ఆరింటి మీద వేసి. ఆ కొండల్లో వాళ్ళకు యాత్రల కాలం మూడు నాలుగు నెలలే. సంవత్సరమంతా మేపాలి.

చంద్రతాల్ సరస్సు చూడాలనుకుంటే ఛత్రూ నుంచి బండిలో బాతల్ మీదుగా పోవాలి, 4,250 మీటర్లు. ఆ రోడ్డు రోడ్డన్న పేరుకే. ఒక రోజు అదనంగా ఉంచుకోండి. ఢిల్లీ నుంచి తిరుగు రైలు టికెట్టు కూడా యాత్ర ముగిశాక కనీసం రెండు రోజులు వదిలి కొనాలి. మాకు కర్ణాటక ఎక్స్‌ప్రెస్ నేరుగా షోలాపూర్ దాకా ఉంది కాబట్టి సులువైంది, మిగతా ఊళ్ళవాళ్ళు తమ తమ దారి చూసుకోవాలి.

గుర్రాలవాళ్ళకు ఇచ్చే బక్షీసు ఛత్రూలో, గుర్రాలు వెనక్కి తిరగకముందే, ముగ్గురికీ విడివిడిగా చేతికివ్వండి. నగదు మనాలీలోనే తీసి పెట్టుకోవాలి, ఛత్రూలో ఏటీఎం లేదు.

వచ్చే సెప్టెంబరు గుంపుకు మా సంఘంలో పేర్లు ఇచ్చేవారు వయసు, బీపీ, సుగర్ వివరాలతోపాటు తమ శరీర బరువు కూడా రాసి ఇవ్వాలి. ఇంటి తక్కెడ మీద ఈ వారంలో తూగిన బరువు రాయండి, పెళ్ళినాటి బరువు వద్దు.